పది చేతుల మీదుగా ఒక జన్యుక్రమం

ఎయిడ్స్‌కు కారణమైన హెచ్‌ఐవీ జన్యుపదార్థం పరిమాణంలో చాలా చిన్నది. మనిషి జన్యుపదార్థం 300 కోట్లకు పైగా అక్షరాల పొడవు ఉంటే, ఈ వైరస్‌ది సుమారు 9,700 అక్షరాలు మాత్రమే. అందులో ఉన్న జన్యువులు తొమ్మిది. ఇక్కడ అక్షరం అంటే న్యూక్లియోటైడ్, అంటే ఆర్‌ఎన్‌ఏ, డీఎన్‌ఏ పోగుల్లో వరుసగా అమరి ఉండే నాలుగు రకాల రసాయన భాగాల్లో ఏదో ఒకటి. ఆ వరుసనే జన్యుక్రమం అంటారు. ఈ వైరస్‌ను 1983లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో ఫ్రాన్స్వాజ్ బారే-సినూసీ, లూక్ మోంటానియేల బృందం తొలిసారి వేరుచేసింది. 1985 మొదట్లోనే దాని పూర్తి జన్యుక్రమం అచ్చయింది. అంత చిన్న క్రమాన్ని అంత తొందరగా చదివేసిన తరువాత కూడా నలభై ఏళ్లుగా దాన్ని మళ్లీ మళ్లీ చదవవలసి రావడానికి, ఆ చదవడం కోసమే ఉమ్మడి ప్రయోగశాలలూ ఉమ్మడి దత్తాంశ కేంద్రాలూ ఏర్పడడానికి కారణం ఒక్కటే: హెచ్‌ఐవీకి ఇదీ అని చెప్పదగిన ఒకే జన్యుక్రమం లేదు.

వైరస్ తన ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చి మనిషి కణంలోని జన్యుపదార్థంలో చొప్పిస్తుంది. ఈ మార్పిడి చేసే ఎంజైము పేరు రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్. మన కణాల్లో డీఎన్‌ఏను నకలు తీసే ఎంజైములు తమ తప్పుల్ని తామే వెనక్కి చూసుకొని దిద్దుకుంటాయి గాని, దీనికి ఆ శక్తి లేదు. సగటున ఒక్కొక్క అక్షరానికి లక్షలో మూడు వంతుల అవకాశంతో అది తప్పు రాస్తుంది. 9,700 అక్షరాలకు లెక్కవేస్తే, దాదాపు ప్రతి మూడు నాలుగు నకళ్లలో ఒకదానిలో ఒక తప్పు దొర్లుతుందన్నమాట. చికిత్స లేని రోగి శరీరంలో రోజుకు వెయ్యి కోట్ల స్థాయిలో కొత్త వైరస్ కణాలు పుడతాయని 1990ల నడుమ జరిగిన లెక్కలు తేల్చాయి. దీనికి తోడు ప్రతి వైరస్ కణంలోనూ ఆర్‌ఎన్‌ఏ పోగులు రెండు ఉంటాయి కాబట్టి, నకలు తీసే ఎంజైము మధ్యలో ఒక పోగు మీంచి మరొక పోగు మీదికి దూకి రెండింటి ముక్కల్నీ కలిపి మూడో రకాన్ని తయారుచేయగలదు. అందుచేత కొన్నేళ్లుగా వైరస్ ఉన్న మనిషి నెత్తురులో ఉండేది ఒక వైరస్ కాదు, ఒకదానికొకటి చుట్టరికం గల వేలాది రూపాల గుంపు.

ఇలాంటి గుంపులోంచి తీసిన ఒక క్రమాన్ని విడిగా పెట్టుకొని చూస్తే తెలిసేది దాదాపు శూన్యం. దానిలోని ఒక అక్షరం మందుకు లొంగకపోవడానికి గుర్తా, ఆ ప్రాంతంలో అందరి వైరస్‌లోనూ ఉండే సహజ లక్షణమా, యంత్రం చేసిన పొరపాటా అన్నది మరికొన్ని వందల, వేల క్రమాల పక్కన దాన్ని పెట్టినప్పుడే తేలుతుంది. ప్రాచీన కావ్యాల తాళపత్ర ప్రతుల్ని పరిష్కరించిన పండితులకు ఈ పద్ధతి కొత్త కాదు. 19వ శతాబ్దంలో సి.పి. బ్రౌన్ కడపలో పండితుల్ని కూర్చోబెట్టి చేయించిన పని కూడా ఇటువంటిదే. ఒకే లేఖక దోషం రెండు ప్రతుల్లో కనిపిస్తే వాటికి మాతృక ఒకటేనని ఊహిస్తారు, కాని ఆ ఊహ సాధ్యం కావాలంటే ముందు ఊరూరా చెదిరిన ప్రతులన్నీ ఒకచోటికి చేరాలి. హెచ్‌ఐవీ విషయంలో ఆ చేర్చే పనిని ఏ ఒక్క పరిశోధకుడూ తన సొంత గదిలో చేయలేడన్నది ఈ అధ్యాయానికి మూలమైన సంగతి.

అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రంలో, అణుబాంబు తయారీకి పుట్టిన లాస్ ఆలమోస్ ప్రయోగశాలలో ఈ పని మొదలుకావడం కాకతాళీయం కాదు. పెద్ద కంప్యూటర్లు అక్కడే ఉండేవి. అన్ని జీవుల జన్యుక్రమాల్నీ భద్రపరిచే జెన్‌బ్యాంక్ అనే నిధి కూడా 1982లో అక్కడే ప్రారంభమైంది. ఆ వాతావరణంలో జెరాల్డ్ మయర్స్ 1986-87లో హెచ్‌ఐవీ క్రమాలకు ప్రత్యేకంగా ఒక దత్తాంశ నిధిని నెలకొల్పాడు. ఇంటర్నెట్ ఇంకా ఇళ్లకు రాని ఆ రోజుల్లో అది ఏటేటా అచ్చయ్యే లావుపాటి సంకలనంగా పరిశోధకులకు తపాలాలో అందేది. అందులో క్రమాలు ఉట్టినే పోగుపడి ఉండేవి కావు. ఏ క్రమం ఏ దేశంలో, ఏ సంవత్సరంలో, ఎటువంటి నమూనా నుంచి వచ్చిందో వివరాలు జతచేసి, అక్షరానికి అక్షరం ఎదురుగా వచ్చేటట్టు వరుసలు సరిపెట్టి, అనుమానం ఉన్నచోట గుర్తుపెట్టి ఇచ్చేవారు. ఇలా వరుసలు సరిపెట్టడాన్ని ఎలైన్‌మెంట్ అంటారు. పైకి గుమాస్తా పనిలా కనిపించే ఈ పనిలో ఒక్క గడి జరిగితే ఆ తరువాతి నిర్ణయాలన్నీ తప్పుతాయి.

ఆ నిధి చూపించిన ఫలితాల్లో ఎక్కువమందికి తెలిసినది వైరస్ వయసు. బెట్టీ కోర్బర్ బృందం లాస్ ఆలమోస్ సూపర్ కంప్యూటర్ల మీద క్రమాల మధ్య తేడాలు ఏ వేగంతో పెరుగుతున్నాయో లెక్కగట్టి, ప్రపంచమంతా వ్యాపించిన ప్రధాన వర్గానికి మూల వైరస్ సుమారు 1931 నాటిదని 2000లో ప్రకటించింది. తరువాత కాంగోలోని కిన్షాసాలో 1959 నాటి రక్త నమూనా క్రమానికి, 1960లో మైనంలో భద్రపరిచిన కణజాలం నుంచి ఓపికగా రాబట్టిన మరో క్రమాన్ని జోడించి మైకేల్ వొరోబే బృందం 2008లో మళ్లీ లెక్కవేస్తే, ఆ కాలం 1908 ప్రాంతానికి వెనక్కి జరిగింది. కంప్యూటర్ పద్ధతి మెరుగుపడడంతో పాటు, పాత నమూనాలు చేతికందడంవల్ల కూడా వచ్చిన మార్పు ఇది. ఈ రంగంలో గణితమూ ప్రయోగశాల నైపుణ్యమూ ఒకదాన్నొకటి విడిచి నడవలేవని చెప్పడానికి ఇంతకంటే తేట ఉదాహరణ దొరకడం కష్టం.

క్రమాలు ఒకచోట చేరినందువల్ల బయటపడిన ఇంకొక నిజం పరిశోధకులకు అంత సుఖమైనది కాదు. ప్రపంచంలో ఎక్కడ ఏ హెచ్‌ఐవీ క్రమం చదివినా, దానిలోని అక్షరాల స్థానాల్ని హెచ్‌ఎక్స్‌బి2 అనే ఒక ప్రామాణిక క్రమాన్ని బట్టి లెక్కిస్తారు. 9,719 అక్షరాల ఈ ప్రామాణిక క్రమం అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో 1984 ప్రాంతంలో పెంచిన ఒక వైరస్ నుంచి వచ్చింది. అది అక్కడే కొత్తగా దొరికిన వైరస్ అని మొదట భావించారు; కాని పారిస్‌లో ఒక రోగి నుంచి తీసిన వైరస్ అక్కడి ఇతర కణ పెంపకాల్లోకి పొరపాటున చొరబడి, పరీక్షకోసం అట్లాంటిక్ దాటిన సీసాలతో పాటు అమెరికా చేరి, ఆ దేశపు పెంపకాల్లోనూ చొరబడిందని 1990ల తొలినాళ్లలో క్రమాల పోలికే తేల్చింది. చురుగ్గా పెరిగే వైరస్ పక్క సీసాలోకి పాకితే మందకొడి వైరస్ మాయమైపోతుంది, కంటికి తేడా తెలియదు. అందుకే నేడు ఏ ఉమ్మడి ప్రయోగశాల అయినా కొత్తగా చదివిన ప్రతి క్రమాన్నీ ముందు తన దగ్గర వాడకంలో ఉన్న వైరస్‌లతోనూ, అదే వారం చదివిన తక్కిన నమూనాలతోనూ పోల్చి చూస్తుంది. అనుమానాస్పదమైన దగ్గరి పోలిక కనిపిస్తే ఆ ఫలితాన్ని ఆపేస్తుంది.

ఉమ్మడి ప్రయోగశాల అనే ఏర్పాటుకు ఒక స్థిరరూపం 1988లో వచ్చింది. ఆ సంవత్సరం అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు విశ్వవిద్యాలయాల్లో ఎయిడ్స్ పరిశోధన కేంద్రాల్ని ప్రారంభించాయి. ఈ కేంద్రాలకు ఇచ్చే నిధులు ఫలానా ప్రశ్నకు జవాబు కనుక్కోవడానికి ఉద్దేశించినవి కావు. ఒక్కొక్క కేంద్రంలో కోర్ అని పిలిచే కొన్ని విభాగాలు ఉంటాయి: ఒకటి వైరస్ పరీక్షలు చేస్తుంది, ఒకటి రోగుల నమూనాల్ని భద్రపరుస్తుంది, ఒకటి గణాంక విశ్లేషణలో తోడ్పడుతుంది, మరొకటి జన్యుక్రమాల్ని చదివి కంప్యూటర్ మీద విడమరుస్తుంది. ఆ విశ్వవిద్యాలయంలో హెచ్‌ఐవీ మీద పనిచేసే ఎవరైనా, ముఖ్యంగా సొంత యంత్రం కొనుక్కోలేని యువ పరిశోధకులు, వీటి సేవల్ని వాడుకోవచ్చు. అదే 1988లో మరో ఏర్పాటు కూడా మొదలైంది: వైరస్‌లు, కణాలు, యాంటీబాడీలు వంటి ప్రయోగ సామగ్రిని పరిశోధకుల నుంచి సేకరించి, పరీక్షించి, అడిగినవారికి పంపే రీఏజెంట్ భాండాగారం. రెండు ఖండాల్లోని రెండు ప్రయోగశాలలు ఒకే వైరస్‌తో, ఒకే కణాలతో పనిచేసినప్పుడే వాటి ఫలితాల్ని పక్కపక్కన పెట్టడానికి వీలవుతుంది.

ఇటువంటి కోర్‌కు ఒక రక్తపు గొట్టం చేరినప్పుడు దాని ప్రయాణం ఎలా ఉంటుందో కాస్త దగ్గరగా చూడడం అవసరం. రక్తకణాల్ని వేరుచేసి, మిగిలిన లేత పసుపు ద్రవాన్ని, అంటే ప్లాస్మాను, చిన్నచిన్న గొట్టాల్లో పంచి మైనస్ 80 డిగ్రీల సెల్సియస్ వద్ద నిలవచేస్తారు. పంచడం ఎందుకంటే, ఒకసారి కరిగించి మళ్లీ గడ్డకట్టించిన ప్రతిసారీ కొంత ఆర్‌ఎన్‌ఏ చితికిపోతుంది. ఒక గొట్టాన్ని కరిగించి అందులోని ఆర్‌ఎన్‌ఏను వేరుచేసి, దాన్ని డీఎన్‌ఏగా మార్చి, ఆ డీఎన్‌ఏను పీసీఆర్ పద్ధతిలో కోట్ల నకళ్లుగా పెంచుతారు. కోవిడ్ కాలంలో ఇంటింటికీ తెలిసిన ఆర్‌టీ-పీసీఆర్ ఈ రెండు మెట్ల పనే. ఒక్కొక్క విడతకు నకళ్లు రెట్టింపవుతూ పోతే 30 విడతలు తిరిగేసరికి ఒక పోగు లెక్కప్రకారం వంద కోట్లు దాటుతుంది. ఆ నకళ్లను సీక్వెన్సర్ యంత్రం లక్షల సార్లు చదివి అక్షరాల వరుసల్ని కంప్యూటర్‌లోకి పంపుతుంది.

సమస్య సరిగ్గా ఇక్కడే పుడుతుంది. యంత్రం 50,000 వరుసలు చదివి ఇచ్చిందంటే 50,000 వైరస్‌లను చూసినట్టు అనిపిస్తుంది, కాని మొదటి మెట్టులో డీఎన్‌ఏగా మారినవి 20 పోగులే అయితే, చూసింది 20 వైరస్‌లనే. వాటిలో ఒకటి ఏ కారణంచేతనో తక్కినవాటికంటే జోరుగా పెరిగితే, రోగి శరీరంలో నూటికి ఐదు పాళ్లున్న రూపం యంత్రం లెక్కలో నూటికి ముప్ఫై పాళ్లుగా కనిపించవచ్చు. పైగా పీసీఆర్‌లో వాడే ఎంజైమూ తప్పులు చేస్తుంది, యంత్రమూ చేస్తుంది. వైరస్ చేసిన తప్పుల్ని వెతకడమే పరిశోధన అయినచోట, వెతికే సాధనం తన తప్పుల్ని వాటిలో కలిపేస్తే ఏది ఎవరిదో విడదీయడం అసాధ్యంగా మారుతుంది. మందుకు లొంగని రూపాలు నూటికి ఒకటో రెండో ఉన్నాయని చెప్పిన కొన్ని తొలి ఫలితాల మీద ఈ తికమక నీడ పడింది.

నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో రోనాల్డ్ స్వాన్‌స్ట్రామ్ బృందం 2011లో దీనికి చూపిన పరిష్కారం అందమైనది. ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చడం ప్రైమర్ అనే చిన్న డీఎన్‌ఏ ముక్క అంటుకోవడంతో మొదలవుతుంది. ఆ ప్రైమర్‌కు తోకగా ఎనిమిది అక్షరాల్ని ఎలాపడితే అలా కూర్చి తయారుచేస్తే, నాలుగు అక్షరాలతో ఎనిమిది స్థానాలు నింపే విధానాలు 65,536 ఉంటాయి కాబట్టి, ఒక్కొక్క వైరస్ పోగుకు దాదాపుగా ఒక్కొక్క వేరే గుర్తు పడుతుంది. పీసీఆర్‌కు ముందే పడిన ఆ గుర్తు తరువాత పుట్టే నకళ్లన్నిటితోనూ వెళుతుంది. చివరికి యంత్రం ఇచ్చిన వరుసల్లో ఒకే గుర్తున్నవాటన్నిటినీ ఒక కుప్పగా చేర్చి, వాటిలో ఎక్కువ వరుసలు ఒప్పుకున్న అక్షరాన్నే ఖాయం చేస్తే, పీసీఆర్ తప్పులూ యంత్రం తప్పులూ చాలామటుకు రాలిపోతాయి. కుప్పలెన్నో లెక్కిస్తే నిజంగా ఎన్ని వైరస్ పోగుల్ని చూశారో తేలుతుంది. ఈ పద్ధతికి ప్రైమర్ ఐడీ అని పేరు.

అయితే ఆ ఎనిమిది అక్షరాల గుర్తును కూడా యంత్రం తప్పు చదవవచ్చు. అప్పుడు లేని వైరస్ ఒకటి కొత్తగా పుట్టినట్టు లెక్కలో చేరుతుంది. అటువంటి దొంగ గుర్తుల కింద చేరే వరుసలు సహజంగా కొద్దిగానే ఉంటాయి కనుక, ఇన్ని వరుసలకు తక్కువున్న కుప్పల్ని వదిలేయాలి అనే హద్దు పెట్టుకోవాలి. ఆ హద్దును ఎక్కడ పెట్టాలన్నది యంత్రం తప్పుల రేటు, ఒక్కొక్క గుర్తును ఎన్నిసార్లు చదివారన్న లెక్క తెలిసిన గణాంకవేత్త మాత్రమే చెప్పగలడు. ఆ గణాంకవేత్తకు బల్ల మీద ఆ నమూనాకు ఏం జరిగిందో తెలియకపోతే హద్దు తప్పుతుంది. ప్రయోగం ఒక భవనంలో, విశ్లేషణ మరొక నగరంలో, మధ్యలో ఒక ఫైలు మాత్రమే రాకపోకలు సాగించే పద్ధతి ఈ రంగంలో పనికిరాకపోవడానికి కారణం ఇదే. మంచి కోర్‌లలో పైపెట్ పట్టినవాళ్లూ ప్రోగ్రాము రాసేవాళ్లూ ఒకే గోడ లోపల కూర్చుంటారు, ఒకరి పని మరొకరు కొంతైనా నేర్చుకుంటారు.

యంత్రాల జోరు అవసరంలేని ప్రశ్నలకు మరో పాత దారి ఉంది. 96 గుంతలున్న ప్లాస్టిక్ పలకలో, బాగా పల్చబరిచిన డీఎన్‌ఏను వేసి పీసీఆర్ చేస్తారు. నూటికి 30 కంటే తక్కువ గుంతల్లో ఫలితం కనిపించేంతగా పల్చబడితే, ఫలితమిచ్చిన గుంతల్లో నూటికి 80కి పైగా ఒకే ఒక్క వైరస్ పోగుతో మొదలైనవని సంభావ్యతా సూత్రం చెబుతుంది. ఒక రోగికి పాతిక ముప్ఫై క్రమాలు కావాలంటే పలకలకు పలకలు పెట్టవలసిన ఓపిక పని ఇది. అలబామాలోని పరిశోధకులు ఈ పద్ధతిలో, వైరస్ సోకిన తొలి వారాల్లో ఉన్న 102 మంది నమూనాల్ని చదివి, లాస్ ఆలమోస్ గణితవేత్తలతో కలిసి విశ్లేషించి 2008లో ఒక ఫలితం ప్రచురించారు: 102 మందిలో 78 మందికి వ్యాధి ఒకే ఒక్క వైరస్‌తో మొదలైంది. ఇచ్చినవారి శరీరంలో వేల రూపాలున్నా, దాటి వచ్చి నిలబడగలిగింది ఒక్కటే. టీకా ఆపవలసినది ఈ ఇరుకు దారిలో వచ్చే వైరస్‌నే అన్న అవగాహన టీకా పరిశోధన దిశను మార్చింది.

దత్తాంశ విభాగం చేసే రోజువారీ పనిలో ఎక్కువ భాగం ఇంత ఆకర్షణీయంగా ఉండదు. మన కణాల్లో అపోబెక్ అనే రక్షక ఎంజైములు వైరస్ క్రమంలో చాలాచోట్ల ‘జీ’ అక్షరాన్ని ‘ఏ’ అక్షరంగా మార్చి దాన్ని పాడుచేస్తాయి. అలా చచ్చుపడిన క్రమాల్ని ఏరకుండా లెక్కలో కలిపితే వంశవృక్షం వంకర తిరుగుతుంది, లేని ఔషధ నిరోధకత ఉన్నట్టు కనిపిస్తుంది. వాటిని పట్టే హైపర్‌మ్యూట్ అనే ప్రోగ్రామును లాస్ ఆలమోస్ పాతికేళ్లుగా ఉచితంగా అందిస్తోంది. వైరస్‌ను శరీరం నుంచి పూర్తిగా తొలగించే చికిత్సల పరిశోధనలో ఈ ఏరివేత మరింత ముఖ్యం, ఎందుకంటే మందులు వాడుతున్న రోగి కణాల్లో దాగి ఉన్న వైరస్ డీఎన్‌ఏలో నూటికి తొంభైకి పైగా తిరిగి లేవలేని చచ్చు ముక్కలే. మిగిలిన ఆ కొద్దిపాటి నిక్షేపాన్ని కొలవడమే అసలు పని.

రోగి మంచం దాకా వచ్చే ఉపయోగం ఔషధ నిరోధకత పరీక్షలో కనిపిస్తుంది. మందు వాడుతున్నా వైరస్ తగ్గనప్పుడు, పోల్ అనే జన్యువును చదివి అందులోని మార్పుల్ని బట్టి ఏ మందులు పనిచేయవో అంచనా వేస్తారు. రాబర్ట్ షాఫర్ నాయకత్వంలో 1998 నుంచి స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయం నిర్వహిస్తున్న దత్తాంశ నిధి ఈ అంచనాకు ప్రపంచానికంతటికీ ఆధారం. ఒక్కొక్క మార్పుకు ఒక్కొక్క మందు మీద ఇంత అని మార్కులు వేసి, కూడితే 60 గాని అంతకు మించి గాని వచ్చినప్పుడు తీవ్ర నిరోధకత అని ఆ పద్ధతి చెబుతుంది. ఆ మార్కులు ఎవరి తలలోంచో ఊడిపడినవి కావు. వేలాది రోగులు ఏ మందులు వాడారు, వారి వైరస్ ఎలా మారింది, ఆ మార్పుకు ప్రయోగశాలలో మందు ఎంత పనిచేసింది అనే మూడు రకాల సమాచారాన్ని దేశదేశాల పరిశోధకులు పంచుకుంటే పేరుకున్న ఫలితం అది.

పంచుకున్న సమాచారం ఒకవైపే మొగ్గితే ఏమవుతుందో ఒక చిన్న అక్షరం చూపిస్తుంది. హెచ్‌ఐవీలో ఉపరకాలున్నాయి, అమెరికా, పశ్చిమ యూరప్‌లలో ఎక్కువగా ఉన్నది బీ, భారతదేశంలోనూ దక్షిణాఫ్రికాలోనూ ఉన్నది ప్రధానంగా సీ. ప్రపంచంలోని హెచ్‌ఐవీ బాధితుల్లో దాదాపు సగం మందిలో ఉన్నది సీ ఉపరకమే అయినా, తొలి దశాబ్దాల్లో దత్తాంశ నిధులు బీ క్రమాలతో నిండిపోయాయి. రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్‌లో 106వ స్థానంలో వాలీన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. దాన్ని సూచించే మూడక్షరాల సంకేతం బీలో సాధారణంగా జీటీఏ, సీలో జీటీజీ. వాలీన్ బదులు మెథియొనీన్ రావాలంటే సంకేతం ఏటీజీ కావాలి. సీకి ఒక్క అక్షరం మారితే చాలు, బీకి రెండు మారాలి. అందువల్ల ఎఫావిరెంజ్ మందు వాడిన సీ రోగుల్లో ఈ మార్పు తరచుగా వచ్చి మందు పనిచేయకుండా చేస్తుంది, బీ రోగుల్లో అది అరుదు. 2000ల తొలి సంవత్సరాల్లో సీ క్రమాలు చదవడం మొదలయ్యాకే ఈ సంగతి వెలుగులోకి వచ్చింది. బీ సమాచారంతోనే మార్కులు వేసుకుంటూ పోయి ఉంటే, ఎఫావిరెంజ్ లక్షలమందికి అందిన దేశాల్లోనే పరీక్ష గుడ్డిదై ఉండేది. ఆ దేశాల్లో భారతదేశం ఒకటి.

దేశాల దత్తాంశ నిధులు కలిస్తే ఏం దొరుకుతుందన్నదానికి నెదర్లాండ్స్ ఉదంతం తాజాది. యూరప్‌లో వేలాది రోగుల వైరస్‌లను పూర్తిగా చదివిన బీహైవ్ అనే ఉమ్మడి పథకంలో 17 మందిలో వింతగా తీవ్రమైన రూపం ఒకటి కనిపించింది. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు దాని ఆనవాళ్లను నెదర్లాండ్స్ జాతీయ దత్తాంశంలో వెతికితే మరో 92 మంది బయటపడ్డారు. వీరిలో వైరస్ మోతాదు తక్కినవారికంటే 3.5 నుంచి 5.5 రెట్లు ఎక్కువ, రోగనిరోధక కణాలు రెట్టింపు వేగంతో పడిపోతాయి. అయినా మందులకు చక్కగా లొంగుతుంది. 2022లో ప్రచురితమైన ఈ ఫలితం ప్రకారం ఆ రూపం దశాబ్దాల కిందటే పుట్టింది. ఇలాంటి రూపం ఏ ఒక్క ఆసుపత్రి సమాచారంలోనూ తేలిగ్గా బయటపడేది కాదు.

లిబియాలో నడిచిన ఒక కేసులో క్రమాల పోలిక మనుషుల ప్రాణాలకు సాక్ష్యంగా నిలబడింది. బెంగాజీ ఆసుపత్రిలో 400 మందికి పైగా పిల్లలకు హెచ్‌ఐవీ సోకితే, 1998 మార్చిలో అక్కడ చేరిన ఐదుగురు బల్గేరియా నర్సులూ ఒక పాలస్తీనా వైద్యుడూ కావాలని ఎక్కించారని ఆరోపించి మరణశిక్ష విధించారు. చికిత్సకోసం యూరప్ వెళ్లిన పిల్లల వైరస్ క్రమాల్ని తులియో డి ఒలివెరా తదితరులు బహిరంగ నిధుల్లోని క్రమాలతో పోల్చి, ఆ వైరస్ ఈ సిబ్బంది రాకముందే ఆసుపత్రిలో వ్యాపిస్తోందని 2006 డిసెంబరులో ప్రచురించారు. కొద్ది రోజులకే న్యాయస్థానం శిక్షను మళ్లీ ఖరారు చేసింది; దౌత్య చర్చల తరువాత 2007 జూలైలో వారు విడుదలయ్యారు. తీర్పు మారకపోయినా, ఆ పరిశోధన వాదాన్ని ఎవరూ తిప్పికొట్టలేకపోయారు.

అదే డి ఒలివెరా 2017లో దక్షిణాఫ్రికాలోని డర్బన్ నగరంలో క్రిస్ప్ అనే ఉమ్మడి జన్యుక్రమ వేదికను స్థాపించాడు. ఆఫ్రికా రోగుల నమూనాలు విమానమెక్కి ఎక్కడికో వెళ్లి, వాటి మీద వ్యాసాలు మాత్రమే వెనక్కి రావడం అక్కడి శాస్త్రజ్ఞుల్ని చాలాకాలం బాధించిన విషయం. హెచ్‌ఐవీ, క్షయ క్రమాలకోసం కూడగట్టిన యంత్రాలూ మనుషులూ 2020లో కరోనా వైరస్ వైపు మళ్లి బీటా రూపాన్ని గుర్తించారు. 2021 నవంబరులో ఒమిక్రాన్‌ను మొదట చూసినవాటిలో ఒకటైన బోట్స్వానా ప్రయోగశాల కూడా హెచ్‌ఐవీకోసం పుట్టినదే.

ఈ పనిలో ఒక ప్రమాదం పొంచి ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోవడానికి వీల్లేదు. ఇద్దరి వైరస్ క్రమాల మధ్య తేడా నూటికి ఒకటిన్నర పాళ్లలోపు ఉంటే వారిని ఒకే వ్యాప్తి గుంపుకు చెందినవారుగా లెక్కించే ప్రోగ్రాములు అమెరికాలో వాడుకలో ఉన్నాయి. వ్యాధి ఎక్కడ వేగంగా పాకుతోందో తెలుసుకొని అక్కడికి పరీక్షలూ మందులూ చేర్చడం వాటి ఉద్దేశం. కాని హెచ్‌ఐవీ అంటించడాన్ని నేరంగా చూసే చట్టాలున్నచోట, ఆ గుంపుల చిత్రాలు పోలీసుల చేతికి వెళతాయేమోనన్న భయం బాధితుల్లో కలిగింది, అది న్యాయమైన భయం. రెండు క్రమాలు దగ్గరివని పోలిక చెబుతుంది. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో, మధ్యలో పరీక్షకు రాని మూడో మనిషి ఉన్నాడో లేడో అది రుజువు చేయలేదు. కాబట్టి పేరునూ క్రమాన్నీ వేర్వేరు తాళాల కింద ఉంచడం, సంకేత సంఖ్యతోనే నమూనాను నడిపించడం దత్తాంశ విభాగం మొదటి ధర్మం. భారతదేశంలో 2018 సెప్టెంబరు నుంచి అమలులో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం ఒక మనిషి హెచ్‌ఐవీ స్థితిని గోప్యంగా ఉంచడాన్ని, ఆ సమాచారాన్ని భద్రపరచడాన్ని చట్టబద్ధమైన బాధ్యతగా చేసింది.

భారతదేశంలో వైరస్‌ను తొలిసారి 1986లో చెన్నైలో డాక్టర్ సునీతి సోలోమన్ బృందం గుర్తించింది. పుణెలోని జాతీయ ఎయిడ్స్ పరిశోధన సంస్థ 1992లో ఏర్పడి నిరోధకత పరీక్షలకు కేంద్రమైంది. బెంగళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్‌లో ఉదయ్‌కుమార్ రంగా బృందం ఇక్కడి సీ ఉపరకంలో వైరస్‌ను మేల్కొలిపే స్విచ్చి భాగం ఎలా మారుతోందో చదివింది. జాతీయ సగటుకంటే హెచ్‌ఐవీ ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉన్నాయి. పల్లె కేంద్రాల నుంచి ప్లాస్మాను చల్లగా పంపడం కష్టం కాబట్టి, ప్రత్యేకమైన కాగితం మీద నాలుగైదు నెత్తురు చుక్కలు ఆరబెట్టి పంపే పద్ధతి మన పరిస్థితులకు సరిపోతుంది. దాన్నుంచి ఆర్‌ఎన్‌ఏ రాబట్టడానికి ప్రయోగశాలకు ప్రత్యేకమైన నేర్పు కావాలి. ఇటువంటి నేర్పు గలవారి జీతాలు సాధారణంగా మూడేళ్ల, ఐదేళ్ల పథకాల మీద ఆధారపడి ఉంటాయి, వారి పేర్లు వ్యాసాల చివరి కృతజ్ఞతల్లో ఒక వాక్యంగా మిగులుతాయి. వరుసలు సరిపెట్టినవారి నిర్ణయం లేకుండా ఫలితమే లేనప్పుడు, వారిని సహరచయితలుగా చూడకపోవడం అన్యాయం. పథకం ముగిసిన మర్నాడు వారు చెదిరిపోతే కలిగే నష్టం యంత్రం పాడైనదానికంటే పెద్దది.

రానున్న పని ఇప్పటికే కళ్లెదుట ఉంది. ఆరు నెలలకోసారి తీసుకొనే లెనకాపవిర్ అనే సూది మందు 2022లో చికిత్సకూ, 2025లో వ్యాధి సోకకుండా నివారణకూ అమెరికాలో అనుమతి పొందింది. దాన్ని తక్కువ ధరకు తయారుచేసేందుకు 2024 అక్టోబరులో అనుమతి పొందిన ఆరు కంపెనీల్లో హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్, హెటిరో ఉన్నాయి. ఈ మందు దెబ్బతీసేది కాప్సిడ్‌ను, అంటే వైరస్ జన్యుపదార్థాన్ని కప్పి ఉంచే ప్రొటీను తొడుగును. కాప్సిడ్ ఉన్నది గ్యాగ్ జన్యువులో. ఇన్నేళ్లుగా సాధారణ నిరోధకత పరీక్షలు చదువుతూ వచ్చింది పోల్ జన్యువును. మందు జిల్లా ఆసుపత్రులకు చేరే నాటికి అది ఎక్కడైనా విఫలమైతే కారణం చెప్పాలంటే, గ్యాగ్‌కు కొత్త ప్రైమర్లు తయారుచేసి సీ ఉపరకం మీద సరిచూడాలి, మందు వాడకముందు ఇక్కడి రోగుల్లో కాప్సిడ్ సహజంగా ఎలా ఉందో కొన్ని వందల క్రమాలైనా చదివి నిధుల్లో చేర్చాలి, ఎండు నెత్తురు చుక్కల నుంచి ఆ భాగం ఎంతవరకు రాబట్టవచ్చో తేల్చుకోవాలి. స్టాన్‌ఫోర్డ్ పట్టికల్లో కాప్సిడ్‌కు ఇప్పటికే ఒక వరుస ఏర్పడింది. మన దేశపు క్రమాలతో ఆ వరుసను నింపే పని మొదలుపెట్టవలసిన సమయం మందు రాకముందే.